‘డాల్ఫిన్స్’లో ఒక అన్న

వరదరాజన్ పాడుతుంటే పంచవర్ణం నవ్వింది. వాళ్ళ పరిచయం అలా మొదలయింది.

1984. తమిళనాడు ధర్మపురిలో కాలేజీ డే రిహార్సల్. వరదరాజన్ తెల్ల ప్యాంటు వేసుకుని, కళ్ళు మూసుకుని, ఊగుతూ ఏదో సాగదీస్తున్నాడు. కళ్ళు తెరిచేసరికి ముందు వరసలో ఒక పిల్ల వోణీ నోటికి అడ్డం పెట్టుకుని వణికిపోతోంది. జ్వరం కాదు.

"ఎందుకు నవ్వుతావు?"

"పాటా అది? కడుపునొప్పి అనుకొంటిని."

"అయితే నీవు పాడు, చూస్తాము."

పాడింది. వరదరాజన్ పని అయిపోయింది. పంతొమ్మిదేళ్ళవాడి బుద్ధి ఎగిరిపోవడానికి ఒక్క పల్లవి చాలు.

మర్నాడే అతను గ్రూప్ పెట్టాడు. పేరు ‘డాల్ఫిన్స్’. ధర్మపురికి ఏ దిక్కునా సముద్రం లేదు. అందుకే ఆ పేరు ఇంకా ఎవరూ పెట్టుకోలేదని అతని వాదన. పంచవర్ణంతో పాటు, మారండహళ్ళి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న తన చిన్నాయన కూతుళ్ళు సౌభాగ్యాన్నీ అంజననూ చేర్చాడు. నలుగురూ పాడేది తెలుగు, రాసుకునేది అరవ అక్షరాల్లో. ఇంట్లో మాట తెలుగే అయినా బళ్ళో చదువు అరవం, నలుగురిలో ఎవరికీ తెలుగు అక్షరాలు రావు. మాట అందని చోట ‘ఓ బేబీ’ అని పూడ్చేవారు.

అడ్డం ఒక్కటే. పంచవర్ణం అవ్వ రంగమ్మాళ్. తల్లీ తండ్రీ లేని పిల్లను పెంచిన మనిషి.

"మేము మల్లెలవాళ్ళు. మీ ఇంటిపేరేమి?" అని అడిగింది.

ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ళు. వేరైతే వరసైనవాడు, పెళ్ళికి ముందు పిల్ల పక్కన నిలబడకూడదు. వరదరాజన్ చింతలవాళ్ళ పిల్లవాడు. కానీ అబద్ధమాడే ముందు ఆలోచించే అలవాటు మగవాడికి ఎప్పుడుంది?

"మాదీ మల్లెలే అవ్వా."

సౌభాగ్యం, అంజన గోడకేసి చూశారు. వాళ్ళకూ స్టేజీ కావాలి.

"అయితే దీనికి అన్నవే! రా, కాఫీ తాగు," అంది రంగమ్మాళ్.

అలా తను ప్రేమించిన పిల్లకు తనే అన్న అయ్యాడు ఆ మేధావి. పంచవర్ణం కూడా ఆ మాటను పొదుపుగా వాడలేదు. "అన్నా, సోడా తెండి." "అన్నా, నా చెప్పులు పట్టుకోండి." ప్రతి ‘అన్నా’కూ అతని ముఖం వేపాకు నమిలినట్టయ్యేది. ఆమె కళ్ళు మాత్రం ఎందుకో మెరిసేవి.

రెండు ప్రోగ్రాములు అయ్యాయి. మొదటి దానిలో జనం సినిమా పాట అడిగారు. రెండో దానిలో భోజనాలు ఎప్పుడని అడిగారు. మూడోది బి. మల్లాపురంలో, శనివారం. ఆ గురువారం రంగమ్మాళ్ వరదరాజన్‌ను పిలిపించింది.

"పాపారపట్టి నుంచి సంబంధం వచ్చినాది రా. మాప్పిళ్ళైకి రైస్ మిల్లు ఉండాది. రేపు తాంబూలం. డిగ్రీ అయినాక పెళ్ళి. దీనికి కూడబుట్టినోళ్ళు లేరు గదా, హోమంలో దీని దోసిట్లో పొరి పేలాలు పోసేది అన్న పని. నీవే పొయ్యాల."

వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న పంచవర్ణం చెయ్యి ఆగింది.

"నేను పొయ్యలేను అవ్వా."

"ఏమి, చెయ్యి నొప్పా?"

"మాది మల్లెలు కాదు. చింతల."

రంగమ్మాళ్ నోట్లో ఆకువక్క నమలడం మానేసింది. "అంటే నీవు వరసైనోడివా? వరసైనోడివి అయ్యుండీ ఇన్నాళ్ళూ మా ఇంట్లో కూర్చోని కాఫీ తాగినావా?"

"నాకు మొదటి వారమే తెలుసు అవ్వా. సౌభాగ్యం చెప్పినాది," అంది పంచవర్ణం.

వరదరాజన్ అదిరిపడ్డాడు. "తెలిసీ అన్నా అంటివా?"

"నిజం చెప్తే పాట నిలిచిపోతాది. నాకు పాట కావాల. నీవేమో నోరు తెరిచేదానికి మంచి రోజు చూసుకొన్నావు, శనివారం ప్రోగ్రాం పెట్టుకోని!"

"మరి రైస్ మిల్లాయన?"

"నన్ను ఎవురన్నా అడిగినారా? అడిగితే గదా వద్దని చెప్పేది!"

"సుమ్మా ఉండండి ఇద్దురూ!" రంగమ్మాళ్ గొంతు లేచింది. "వరసైనోళ్ళు తాళికి ముందు ఒకే స్టేజీ ఎక్కితే ఊరు ఉమ్మేస్తాది. పాటా లేదు, ఏమీ లేదు."

పంచవర్ణం మళ్ళీ చింతపండు అందుకుంది. గింజ తియ్యలేదు. ఊరికే పట్టుకుంది. తన పాట తప్ప ఇంకేదీ పట్టని వరదరాజన్‌కు అది కనిపించింది. ఆలస్యంగానైనా.

"నేను దిగిపోతాను అవ్వా. వాళ్ళు ముగ్గురూ పాడనీ."

"గ్రూప్ నీది గదా?"

"పాట తనది."

"ఊరికే దిగుతావా?"

"పాపారపట్టికి మాట ఇవ్వొద్దండి. అంతే."

రంగమ్మాళ్ అతన్ని సంతలో ఎద్దును చూసినట్టు చూసింది. "ఏమి చదువుతావు?"

"బి.కాం."

"పాసైనావా?"

"రెండు పేపర్లు ఉండాయి."

"అవి ముగించి మీ అమ్మను పిల్చుకోని రా. అంతదాకా మా ఇంట్లో కాఫీ లేదు."

శనివారం సాయంత్రం బి. మల్లాపురంలో మూడు డాల్ఫిన్లు స్టేజీ ఎక్కాయి. అదే ఆఖరిసారి, ఆ తర్వాత సౌభాగ్యానికి టైపింగ్ పరీక్ష వచ్చింది, అంజనకు విసుగొచ్చింది. పాడే గ్రూపుల ఆయుష్షు అంతే. ప్రేమల ఆయుష్షు అంతకన్నా ఎక్కువని ఎవరూ హామీ ఇవ్వలేదు.

రెండో పాటకు వాన మొదలయింది. జనం కదల్లేదు. వరదరాజన్ రంగమ్మాళ్ మీద గొడుగు పట్టి, తను తడుస్తూ నిలబడ్డాడు. తను లేకుండా పాట బాగుంది. చాలా బాగుంది. ఆ సంగతి అతనికి చెప్పడానికి ఎవరూ మొహమాటపడలేదు. "నీ గొంతు తీసేస్తే ఎంత సుకంగా ఉండాది రా," అంది రంగమ్మాళ్.

అతను వినలేదు. స్టేజీ మీద పంచవర్ణం అతన్నే చూస్తోంది. నీళ్ళు కారుతున్న జుట్టు, తెల్ల ప్యాంటుకు మోకాళ్ళదాకా బురద. నవ్వొచ్చిందో, మరేమొచ్చిందో, ఎన్నడూ తప్పని పిల్ల చరణం మధ్యలో మాట మరిచి ఆగిపోయింది.

రంగమ్మాళ్ మోచేత్తో అతని డొక్కలో పొడిచింది.

"తల దించు మాప్పిళ్ళై. నిన్ను చూసి అది పాట తప్పుతా ఉండాది."