ఐదో లక్ష్యం

మహిపాల్ కంప్యూటర్లో పదకొండు దుకాణాలు పెట్టాడట, ఒక్కదానికీ షట్టర్ ఎత్తలేదట. పక్కింటి జంగమ్మ ఈ మాట తన కోడలితో అంటే, ఆ కోడలు సీడ్ పత్తి చేన్లో పూలకు పుప్పొడి అద్దుతూ మహిపాల్ తల్లి చెవిన వేసింది. ఆమె ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ కొడుక్కి అప్పజెప్పింది. జంగమ్మ మాటకు తోక కూడా ఉంది. చెన్నయ్య బిడ్డ స్వరూపను చూసుకోవడానికి ఆదివారం గోపాల్‌పేట నుంచి వస్తున్నారట. పిల్లగాడు లైన్‌మన్ అట. పిల్ల సరేనంటే ఆ రోజే పూలు, పండ్లు పెట్టిపోతారట.

ఆ రోజు బుధవారం.

దుకాణాల సంగతి అబద్ధమేమీ కాదు. మహిపాల్ గద్వాలలో ఒక విత్తనాల గోదాములో కంప్యూటర్ ఆపరేటరు. వెబ్‌సైట్లు చేయడం అతని సరదా. పత్తి కూలీలను వెతికిపెట్టే సైటు, ఏ బోరులో ఎన్ని నీళ్లున్నాయో చూపే సైటు, గట్టు నుంచి గద్వాలకు పోయే బస్సుల టైమింగుల సైటు, ఇలా పదకొండు. అన్నీ మొదలయ్యాయి, ఏదీ ముగియలేదు. బస్సుల సైటు ఒక్కటే కుంటుతూ నడిచేది, అదీ స్వరూప పుణ్యాన.

ఒకే ఊరివాళ్లయినా మాట కలిసింది మాత్రం మూడేళ్ల కిందట, ఒక వాన పొద్దున, బస్టాపులో. గద్వాల చీరల దుకాణంలో కొత్తగా చేరిన స్వరూపకు మొదటి రోజే బస్సు తప్పింది. సైటులో ఏడూ నలభై అని ఉంది. బస్సు ఏడున్నరకే పోయింది. ఈ సైటు చేసినవాడెవడో దొరకాలని ఆమె తిడుతుంటే, పక్కన తడుస్తున్న మహిపాల్ అది తనదేనని ఒప్పుకున్నాడు.

"మరి నువ్వెట్ల ఎక్కలే?"

"నేను గూడ నా సైటే చూసిన."

స్వరూపకు తిట్టబోయిన నోట నవ్వొచ్చింది.

అప్పటి నుంచి ఆ సైటుకు తప్పులు పట్టే ఆఫీసరు ఆమే. ఫలానా బటన్ కదలడం లేదని, అక్షరాలు చీమల్లా ఉన్నాయని రోజూ మెసేజీ. బస్సులో పక్క సీటు మీద తన సంచి పెట్టి అతని కోసం ఆపేది. ఊళ్లో తన ఈడు మొగపిల్లలందరినీ అన్నా అనే పిల్ల అతన్ని మాత్రం పేరు పెట్టి పిలిచేది. కండక్టర్‌తో సహా బస్సులో అందరికీ సంగతి అర్థమైంది, ఆ సీట్లో కూర్చున్నవాడికి తప్ప.

సైటు అట్టడుగున, ఎవరూ చూడరనుకుని, అతను ఒక పేజీ పెట్టుకున్నాడు. ఈ ఏడాది లక్ష్యాలు. ఒకటి, ఒక్క ప్రాజెక్టయినా పూర్తి చేయాలి. రెండు, కన్నడ నేర్చుకోవాలి. మూడు, పొద్దున్నే పరుగెత్తాలి. నాలుగు, అమ్మను కళ్ల దవాఖానకు తీసుకుపోవాలి. ఐదు, ఎస్‌కు చెప్పాలి. ప్రతి జనవరిలో పైన సంవత్సరం మార్చేవాడు. కింద ఏమీ మారేది కాదు.

బుధవారం ఆ కబురు వినగానే లేచి చెప్పులేసుకున్నాడు. గడప దాటాక ఏమని చెప్పాలో తోచలేదు. ఉత్త నోటిమాట ఏం బాగుంటుంది, ఆమె కోసం ఒక పేజీ చేసి చూపిస్తే? తెరవగానే ఆమె దుకాణంలో గద్వాల చీర మడత విప్పినట్టు కోటకొమ్మ అంచు పరుచుకోవాలి, చివరి మడతలో మనసులో మాట ఉండాలి. చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

గోదాముకు జ్వరమని చెప్పాడు. జ్వరమొచ్చినవాడు ఆ డబ్బా ముందు కూర్చుంటాడా అని తల్లి గొణిగింది. గురువారం రంగులు కుదరలేదు. శుక్రవారం సగం రోజు కరెంటు లేదు. శనివారం స్వరూప మెసేజీ పెట్టింది, బస్సుకు రావడం లేదేమని, రేపటి సంగతి తెలిసిందా అని. తెలిసింది, జర పనిలో ఉన్నానని రాశాడు.

ఆదివారం ముసురు. పదకొండింటికి కిటికీ ముందు నుంచి తెల్ల కారు బురద చిమ్ముకుంటూ చెన్నయ్య ఇంటివైపు పోయింది. లాప్‌టాప్‌లో అంచు బాగానే ఉంది, ఫోన్లో మాత్రం తెర దాటి పోతోంది. ఇంకొక్క గంట అనుకున్నాడు. అంచు కుదిరేసరికి కారు వెనక్కి పోయింది. తల్లి చేతిలో లడ్డూతో వచ్చి, స్వరూప సరేనన్నదట అని చెప్పింది.

సోమవారం పొద్దున బస్టాపులో స్వరూప ఒక్కతే ఉంది.

"ఒప్పుకున్నవంట" అన్నాడు.

"నువ్వు పనిల ఉన్ననంటివి గద."

"ఆ పని నీ కోసమే. జర చూడు."

ఫోన్ తీసుకుంది. అంచు మెల్లగా పరుచుకుంది. చివరి మడత దాకా చూసింది. మూడేళ్లలో మొదటిసారి, ఒక్క తప్పూ పట్టలేదు.

"నీ ఐదో లక్ష్యం నేను మొదటి ఏడాదే చూసిన" అంది. "సైటంత చూడుమంటివి, చూసిన. ఏడాదికోసారి అంకె మార్చుడు గూడ చూసిన."

"మరి నువ్వన్న అడగకపోతివి."

"నువ్వు రాసుకున్న పని నేనెందుకు చేస్త?"

మలుపు దగ్గర బస్సు కనిపించింది. గోపాల్‌పేట వాళ్లకు వద్దని కబురు పంపమన్నాడు మహిపాల్. ఈరోజే వచ్చి చెన్నయ్యతో మాట్లాడతానన్నాడు, గద్వాలకు పోనే పోనన్నాడు. ఆమె ఫోన్‌ను కొంగుతో తుడిచి అతని చేతిలో పెట్టింది.

"ఇది చేసెతందుకు ఎన్ని దినాలు పట్టింది?"

"నాలుగు దినాలు. మొత్తం నేనే రాసిన."

"మీ ఇంటికాడికెల్లి మా ఇంటికి నాలుగు నిముషాల తొవ్వ, మహిపాల్."