ఫైనల్లో కునుకు తీసిందెవరు?

"కదలకు. కదిలితే గుండుసూది నీకే గుచ్చుకుంటుంది" అంది టైలర్ ఆంటీ.

స్టూలు మీద నిలబడ్డ రేడియో కాళ్లు కదపలేదు. నోరు మాత్రం ఆపలేదు. పదకొండేళ్ల ఆ అమ్మాయి అసలు పేరు స్కూలు రిజిస్టరులో భద్రంగా ఉంది. బయట అందరికీ రేడియోనే. స్విచ్చు ఎక్కడుందో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేకపోయారు.

లైబ్రరీ మేడ మీద చెస్ క్లబ్బు ఉంది. దానికి ముప్పై ఏళ్లు నిండాయి. ఆదివారం సభ. ఇరవై అయిదేళ్ల కిందట అక్కడ జరిగిన గొప్ప చాంపియన్‌షిప్ పోటీ గురించి రాసే పని క్లబ్బు ప్రెసిడెంటు గారు రేడియోకి అప్పగించారు.

"నిన్ననే నోటీసు బోర్డు మీద పెట్టాం ఆంటీ! చదివినవాళ్లు పడీ పడీ నవ్వుతున్నారు."

"అంత నవ్వొచ్చేది ఏముంది అందులో?" స్కర్టు అంచు మడుస్తూ అడిగింది ఆంటీ.

"అప్పటికే చాంపియన్‌గా ఉన్నది ఒక డాక్టరు గారు. ఆయన మీద ఆడింది ఒకావిడ. చివరి ఆట మధ్యలో ఆవిడ కూర్చున్న చోటే కునుకు తీసింది! గురక కూడా పెట్టింది! లేచి చూసేసరికి ఓడిపోయింది. గురక మాత్రం నేను కలిపాను. కాస్త రుచిగా ఉంటుందని."

ఆంటీ చెయ్యి ఆగిపోయింది.

"ఆవిడ ఎవరో తెలుసా?"

"తెలీదు. పేరెందుకులే అన్నాడు ఈ కథ చెప్పిన సెలూన్ మామ."

"నేనే" అంది ఆంటీ.

రేడియో ఆగిపోయింది.

"మీరు... నిజంగా నిద్రపోయారా?"

"నువ్వు స్కోర్ షీట్ చూశావా?"

"లేదు. మామ కళ్లారా చూశానన్నాడు."

"ఆడేవాళ్లిద్దరూ ప్రతి ఎత్తూ కాగితం మీద రాస్తారు. చివర సంతకాలు పెడతారు. ఆ కాగితాలు క్లబ్బు బీరువాలో ఉన్నాయి. ఇన్నేళ్లలో ఒక్కరూ తీసి చూడలేదు."

"మీరు చెప్పలేదా ఆంటీ?"

"ఎందుకు చెప్పలేదూ? కునుకు కథలో మసాలా ఉంది. నాది చప్పగా ఉంది. నేను వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు తలగడ తెచ్చుకున్నావా అని అడిగేవాళ్లు. దాంతో ఆ మెట్లెక్కడం మానేశాను." ఆంటీ నవ్వుతూనే చెప్పింది. కానీ గుండుసూది రెండుసార్లు గురి తప్పింది.

రేడియోకి ఏడుపొచ్చినంత పనైంది. స్టూలు దిగి క్లబ్బుకి పరిగెత్తింది.

బీరువా అడుగు అరలో నీలం ఫైలు దొరికింది. దుమ్ముకి మూడు తుమ్ములొచ్చాయి. లోపల పది ఆటల షీట్లున్నాయి. చివరిదాంట్లో అరవై మూడు ఎత్తులు. పక్కన గడియారం టైము కూడా రాసి ఉంది. ఆంటీ ఏ ఎత్తుకీ నాలుగు నిమిషాలకి మించి తీసుకోలేదు. ఆఖరి ఇరవై ఎత్తులూ ఇద్దరూ కలిసి పదకొండు నిమిషాల్లో ఆడేశారు. కునుకు కాదు కదా, మంచినీళ్లు తాగడానికి కూడా తీరిక లేదు!

కింద 'డ్రా' అని రాసి రెండు సంతకాలున్నాయి.

రేడియో వేళ్ల మీద లెక్కేసింది. గెలిస్తే ఒక పాయింటు, డ్రా అయితే అర. పది ఆటలకీ కలిపి ఇద్దరికీ చెరి అయిదు పాయింట్లు. పోటీ సమానమైతే టైటిల్ పాత చాంపియన్ దగ్గరే ఉంటుందని రూలు. అంటే ఆంటీకి టైటిల్ రాలేదు. కానీ ఆంటీ ఓడిపోలేదు!

అక్కణ్ణుంచి సెలూనుకి వెళ్లింది. మామ ఒకాయనకి జుట్టు కత్తిరిస్తున్నాడు.

"మామా, ఆ చివరి ఆట మొత్తం చూశావా?"

"చూడకపోవడమేంటి? మొదలు చూశా. ఆఖరు చూశా."

"మధ్యలో?"

కత్తెర ఆగింది. "మధ్యలో... ఫ్యాను కింద కుర్చీ దొరికిందమ్మా. చల్లగాలి. కళ్లు అవే మూతపడ్డాయి. తెరిచేసరికి ఇద్దరూ చేతులు కలుపుతున్నారు. టైటిల్ డాక్టరు గారికే అన్నారు. ఆవిడ ఓడిపోయిందనుకున్నా."

"మరి ఆవిడ కునుకు?"

"ఆవిడ కళ్లు మూసుకుని ఆలోచించేది. నిద్రే అనుకున్నా. చెప్పగా చెప్పగా నాకే నిజమైపోయింది."

"అయితే కునుకు తీసింది నువ్వన్నమాట!"

సగం జుట్టుతో కూర్చున్నాయన నవ్వాపుకోలేక కుర్చీలో ఊగిపోయాడు. మామ నాలుక కరుచుకున్నాడు.

రేడియో క్లబ్బుకి తిరిగొచ్చేసరికి బోర్డు దగ్గర ఇద్దరు పిల్లలు నవ్వుతున్నారు. "నీ గురక సూపర్!" అన్నారు. పొద్దున అయితే ఆ మాటకి గాల్లో తేలిపోయేది. ఇప్పుడు సిగ్గేసింది.

గుట్టుగా కాగితం మార్చేస్తే సరిపోతుందా? ఎవరికీ తెలీదు. కానీ చదివి నవ్వుకున్నవాళ్లు నవ్వుతూనే ఉంటారు.

కొత్త వ్యాసం రాసి పాతదాని పక్కనే అంటించింది. పాతదాని మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఇలా రాసింది: 'ఇది తప్పు. షీట్ చూడకుండా రాశాను. గురక నా కల్పన.' కింద అసలు పేరుతో సంతకం పెట్టింది. తర్వాత ఆంటీని సభకి పిలిచి, వస్తాననేదాకా వదల్లేదు.

ఆదివారం ఆంటీ చివరి వరసలో కూర్చుంది. రేడియో చదువుతుంటే ఎవరూ నవ్వలేదు. 'అయిదు, అయిదు' అన్న చోట తలలన్నీ ఆంటీ వైపు తిరిగాయి. అప్పుడు సెలూన్ మామ లేచాడు.

"ఆ కునుకు నాది. తప్పయిపోయింది, అక్కా."

"పాతికేళ్లకి లేచావన్నమాట" అంది ఆంటీ. అందరూ గొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆంటీయే. నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. వెళ్లేముందు ప్రెసిడెంటు గారితో ఒక ఆట కూడా ఆడింది.

ఆట మధ్యలో ప్రెసిడెంటు గారు రేడియోని పిలిచారు. "ఇంకో భలే కథ ఉంది, రాసుకో. ఒకసారి ఒకాయన కళ్లకి గంతలు కట్టుకుని ఎనిమిది మందిని ఓడించాడు!"

రేడియో కళ్లు మెరిశాయి. పెన్ను కాగితం మీదకి దూకబోయి ఆగింది.

"తాతగారూ, ఇది మీరు చూశారా, విన్నారా?"

ఆయన ఎత్తిన బంటుని గాల్లోనే ఉంచి ఆలోచనలో పడ్డారు. రేడియో నోరు మెదపకుండా జవాబు కోసం ఎదురుచూసింది.