సగం దగ్గర ఆగిన ముల్లు

ముఠా తన కెమిస్టును తానే కాల్చి చంపింది. అనుమానమొచ్చింది, అంతే. లెక్కలన్నీ అతని బుర్రతోనే పోయాయని తర్వాతగానీ వాళ్లకు తట్టలేదు.

"కొత్త కెమిస్టు కోసం వెతుకుతున్నారు. నువ్వెళ్తున్నావు," అన్నాడు చీఫ్. "శాంతి చర్చల్లో విషవాయువు వదలాలని ప్లాన్. సిలిండర్ ఎక్కడ పెడతారో తెలీదు. కనిపెట్టు. అది పగలకూడదు."

'పిచ్చుక' అన్న కోడ్‌నేమ్ గల ఆ ఏజెంట్ నెరిసిన విగ్గు పెట్టుకుని కెమిస్టు వేషంలో బయల్దేరింది. అక్కడ ముఠా నాయకుడి పక్కన ఎర్ర గౌనులో మేడమ్ ఉంది. ఆమె ఎవరి మనిషో చీఫ్‌కే అంతుపట్టలేదు.

"సిలిండర్ని డెబ్బై అయిదు డిగ్రీలకు వేడిచేస్తాం," అన్నాడు నాయకుడు. "వాయువు విరక్కపోతే ప్రెషర్ రెండు అట్మాస్ఫియర్లు. విరిగితే ఒక్కో అణువూ రెండవుతుంది. వాయువు బయటికి తన్నుకు రావాలంటే మూతరేకు ఎంత ప్రెషర్‌కి పగలాలి?"

"మొత్తం విరిగితే నాలుగు. మూడున్నరకి పగిలేది వెయ్యండి," అంది పిచ్చుక తడుముకోకుండా.

చర్చల రోజున, హాలుకి గాలి పంపే కింది మెషిన్ రూమ్‌లో సిలిండర్‌ని చూసి సిగ్నల్ పంపుతుండగా పిచ్చుక బటన్ ట్రాన్స్‌మిటర్ దొరికిపోయింది. చేతులు వెనక్కి విరిచి పైపుకి కట్టేశారు.

"నీ లెక్కలో మోసముందా?" నాయకుడు పిస్టల్ కణతకి ఆనించాడు.

"స్విచ్ వేసి చూసుకో."

నాయకుడు హీటర్ స్విచ్ వేశాడు. సిలిండర్ గాజు కిటికీ వెనక వాయువు గోధుమ రంగుకు తిరిగింది. ప్రెషర్ మీటరు ముల్లు రెండు దాటింది. రెండున్నర. మూడు. అక్కడే ఆగింది.

"ఎందుకాగింది?"

"సగమే విరిగింది కాబట్టి. విరక్కుండా మిగిలినదాని ప్రెషర్ ఒకటి, విరిగి పుట్టినదానిది రెండు. రెండుని రెండుతో హెచ్చించి ఒకటితో భాగించు. నాలుగు. ఈ వేడికి ఈ వాయువు సమతాస్థితి స్థిరాంకం అదే. ఇక ఎంత విరిగితే అంతా మళ్లీ కలుస్తుంది. ఎంతసేపు కూర్చున్నా ఇంతే."

"చావంటే భయం లేదా?"

"ఉంది. అందుకని లెక్క మారుతుందా?"

నాయకుడు పళ్లు కొరికాడు. "వేడి పెంచితే మారుతుంది," అంటూ హీటర్ నాబ్ చివరిదాకా తిప్పేశాడు. ముల్లు మళ్లీ కదిలింది. మూడుంబావు. ఆ పైన ఇంకాస్త.

నాయకుడి వెనకే నిలబడ్డ మేడమ్ చేతిలో లిప్‌స్టిక్ టక్కుమంది. మత్తుసూది మెడలో దిగి నాయకుడు కుప్పకూలాడు. పిచ్చుక కాలు చాచి హీటర్ ప్లగ్‌ని ఒక్క తన్ను తన్నింది. మూడున్నరకి వెంట్రుకవాసి దూరంలో ముల్లు వణికి, వెనక్కి తిరిగింది.

మనుషులతో పరుగున వచ్చిన చీఫ్ మేడమ్‌ని ఎగాదిగా చూశాడు. "ఇంతకీ మీరు ఎవరి వైపు?"

"ఇవాళ మీ వైపే," అంది మేడమ్ లిప్‌స్టిక్ మూత పెడుతూ. "రేపటి మాట రేపటి వేడిని బట్టి."