తనంతట మూసుకునే తలుపు

జీపు గట్టు ఎక్కింది.

హెడ్‌లైట్ల వెలుగులో రెండు సైకిళ్ళు.

ముందు సైకిల్ మీద విల్సన్. వెనక సైకిల్ మీద అనీసా. ఓణీ కొంగు నడుముకు బిగించి కట్టుకుంది. ఇద్దరూ వెనక్కి తిరిగి చూడటం లేదు.

"తొక్కు డ్రైవరూ... ఇంకా తొక్కు" అంటున్నాడు పిచ్చేశ్వరరావు. అతని ఒళ్ళో వేటతుపాకీ.

వెనక సీట్లో శోభనాద్రి జీపు టాపు కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు.

ఆ సైకిళ్ళ మీద ఉన్నది తన స్నేహితులు. ఈ గట్టు దారి చూపించింది తను.

"ఏం అల్లుడూ, మాట్లాడవేం? కాలేజీలో మాట్లాడటం కూడా నేర్పిస్తారనుకున్నానే" అన్నాడు పిచ్చేశ్వరరావు.



చీకటి ఇప్పుడే పడింది. తూర్పున కార్తీక పున్నమి చంద్రుడు లేస్తున్నాడు. చంద్రుడి వెంటే పోటు కూడా లేస్తోంది.

గట్టు చివర తూము ఉంది. దానికి ఒకటే ఇనప తలుపు. ఎత్తి ఉంచితే పొలాల మురుగు సముద్రంలోకి పోతుంది. పోటు వేళకి దించకపోతే సముద్రమే పొలాల్లోకి వస్తుంది.

పిచ్చేశ్వరరావుకి కావలసింది అదే.

పోయిన పున్నమికి తూము కాపలావాడు రాలేదు. రాకుండా ఉండటానికి పిచ్చేశ్వరరావు అతనికి తగిన కారణమే ఇచ్చాడు. దిగువ చేలు ఉప్పునీళ్ళకి ఎర్రబడ్డాయి. ఉప్పెన వచ్చి వెళ్ళి రెండేళ్ళయింది. నేల ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది. మిగిలిన చేలల్లో వరి పాలు పోసుకుంటోంది. ఈ పోటుకి అది కూడా ఉప్పు తాగితే దిగువ పేటలో ఎవరూ నిలవరు. పొలాలు వదిలేస్తారు. పొలాలు ఉప్పుమళ్ళు అవుతాయి. ఉప్పుమళ్ళు పిచ్చేశ్వరరావువి అవుతాయి.

ఆ చేలల్లో ఒకటి విల్సన్ తల్లి మార్తమ్మది.

ఆమె చేతి చేపల పులుసు శోభనాద్రి ఎన్నిసార్లు తిన్నాడో! అత్తయ్యా అని పిలిచి, అడిగి మరీ వడ్డించుకున్నాడు.

జీపు ఎగిరిపడింది. తల టాపుకి కొట్టుకుంది.

"దగ్గరికొచ్చేశాం" అన్నాడు డ్రైవరు.

సైకిళ్ళు ఎడమకి తిరిగాయి. సన్న గట్టు. మనిషి నడవటానికి తప్ప పనికిరాదు.

బ్రేకు!

జీపు ముందు చక్రం జారింది. గట్టు కింది బాడవ పల్లంలోకి ఒరిగి ఆగిపోయింది.

"దిగండి" అన్నాడు పిచ్చేశ్వరరావు. గొంతులో తొందర లేదు. "వాళ్ళు పరిగెత్తితే మాత్రం ఎక్కడికి పోతారు? అవతల సముద్రమేగా."

ముగ్గురూ పరుగు అందుకున్నారు.

పరిగెత్తే మనిషికి ఆలోచన ఆగుతుందంటారు. శోభనాద్రికి ఆగటం లేదు.

ఫైనలియర్ ప్రాజెక్టు. పోయిన పున్నమి తర్వాతే తూముకి బిగించారు. ముగ్గురు మనుషులు. ఒక తలుపు.

తలుపుని పైన ఒక కొక్కెం పట్టుకుని ఉంటుంది. ఆ కొక్కేన్ని లారీ బ్యాటరీ కరెంటు పట్టుకుని ఉంటుంది. కాలవలో ఒక డబ్బా తేలుతూ ఉంటుంది. పోటుకి డబ్బా పైకి లేస్తే తూము మీది పెట్టెలో ఉన్న రిలే స్విచ్చి కరెంటు ఆపేస్తుంది. కొక్కెం వదిలేస్తుంది. తలుపు పడుతుంది.

మనిషి అక్కర్లేదు.

"కాపలావాణ్ణి కొనొచ్చురా, డబ్బాని ఎవడు కొంటాడు?" అని విల్సన్ నవ్వాడు ఆ రోజు.

కొక్కెం, ఇనప పని విల్సన్‌ది. రిలే పెట్టె అనీసాది. ఉప్పుగాలికి రాగి పచ్చబడుతోందని, చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులు చేసే ఆమె తండ్రి నాగుల్ మీరా రిలే ముక్కలకి బంగారు పూత పూసి ఇచ్చాడు. డబ్బా, వైర్లు శోభనాద్రివి.

గైడు వెంకట్రామయ్య మాస్టారు పెట్టిన నియమం ఒక్కటే. వైరు కలిపినవాడు దాన్ని పరీక్షించకూడదు. ఇంకొకరు చూడాలి.

"ఎవరి తప్పు వాళ్ళకి కనపడదండీ" అనేవాడాయన. విద్యార్థులను కూడా అండీ అనే మనిషి.

కిందటి వారం గుడివాడలో శోభనాద్రి తండ్రి షెడ్డు ముందు జీపు ఆగింది. లారీల రిపేరు షెడ్డు అది. పాతికేళ్ళుగా తండ్రి చేతుల నల్లదనం ఆ నేలకి అంటుకుని ఉంది. నేల మాత్రం పిచ్చేశ్వరరావుది.

"ఖాళీ చేయమని మీ నాన్నని అడగటానికి నాకు మనసొప్పటం లేదు అల్లుడూ. నువ్వు ఒక్కమాట చెప్పు చాలు. ఆ తూము మీది పెట్టెని ఎలా నిద్రపుచ్చాలి?"

శోభనాద్రి చెప్పాడు.

ఎర్ర వైరు కోస్తే చాలన్నాడు. డబ్బా లేచినా పెట్టెకి కబురు అందదన్నాడు.

తండ్రి కోసం చెప్పానని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. అది నిజం. అయినా ఆ నిజం మీద నిలబడలేకపోతున్నాడు. ఎందుకు?

తూము వచ్చేసింది.

విల్సన్ చక్రం పక్కన నిలబడి ఉన్నాడు. పళ్ళ చక్రం అది. దానికి హ్యాండిల్ తొడిగి తిప్పితే తలుపు లేస్తుంది. హ్యాండిల్ ఇప్పుడు విల్సన్ చేతిలో ఉంది. అనీసా పెట్టె ముందు నిలబడింది. ఇద్దరికీ ఊపిరి అందటం లేదు.

తలుపు ఇంకా ఎత్తే ఉంది.

కింద నీళ్ళు దిశ మార్చుకుంటున్నాయి. డబ్బా ఇంకా లేవలేదు. కదులుతోంది.

"చల్లపల్లి సెంటర్లో ఆగిన జీపులో నిన్ను చూశాం" అన్నాడు విల్సన్. "నిన్ను ఎత్తుకుపోతున్నారేమో అనుకున్నానురా ముందు. అనీసా నవ్వింది."

"నవ్వలేదు" అంది అనీసా. "హ్యాండిల్ తీసేద్దాం పదండి అన్నాను."

పిచ్చేశ్వరరావు తుపాకీ ఎత్తాడు.

"హ్యాండిల్ నీ దగ్గరే ఉంచుకో అబ్బాయ్. నాకెందుకు? తలుపు పైనేగా ఉంది. డ్రైవరూ, కటింగ్ ప్లయరు తియ్యి. ఏది అల్లుడూ?"

శోభనాద్రి వేలు చూపించాడు.

అనీసా అతని ముఖంలోకి చూసింది.

"మంగళవారం టెస్టింగుకి మీరు రాలేదు శోభనాద్రి గారూ."

"పని ఉండి..."

"మీ వైర్లు నేనే చూశాను."

ఆ మాట ఎందుకు చెబుతోందో అతనికి అర్థం కాలేదు.

"కబుర్లు తర్వాత" అన్నాడు పిచ్చేశ్వరరావు. "కొయ్యి."

టక్!

ఎర్ర వైరు తెగింది.



పెట్టెలో చిన్న చప్పుడు. కొక్కెం విడిపోయింది.

ధన్!

ఇనప తలుపు పడింది. గట్టు అదిరింది. ఉప్పునీళ్ళు ఎగిరి అందరి ముఖాల మీదా పడ్డాయి.

డ్రైవరు రెండడుగులు వెనక్కి వేశాడు. ప్లయరు చేతిలోంచి జారిపోయింది.

"ఏమిటిది?" అన్నాడు పిచ్చేశ్వరరావు, చాలా మెల్లగా.

అనీసా అతని వైపు చూడలేదు. శోభనాద్రితోనే మాట్లాడింది.

"నీళ్ళు వస్తే చెప్పమని మీరు కట్టారు. నీళ్ళు రానంతసేపూ చెబుతూనే ఉండమని నేను మార్చాను. చెప్పటం ఆగిందంటే ప్రమాదం వచ్చిందనే పెట్టె లెక్క. పీత కొరికినా అంతే. తుప్పు పట్టినా అంతే. మనిషి కోసినా అంతే."

శోభనాద్రి తలుపు వైపు చూశాడు.

ఎంత సులువు. ఏడాదిపాటు తనకి తట్టలేదు. తన వైరు ఎప్పటికీ తెగదనే అనుకున్నాడు. తన గురించి కూడా అలాగే అనుకున్నాడు కదా!

"హ్యాండిల్" అన్నాడు పిచ్చేశ్వరరావు.

"ఇవ్వను" అన్నాడు విల్సన్.

తుపాకీ గొట్టం అనీసా వైపు తిరిగింది.

"ఇప్పుడు?"

"ఇవ్వకండి విల్సన్ గారూ" అంది అనీసా. పెట్టె ముందు నుంచి కదల్లేదు. "ఈ పోటు దాటితే చాలు. మళ్ళీ పోటుకి పేటంతా ఇక్కడే ఉంటుంది."

విల్సన్ హ్యాండిల్ వైపు, అనీసా వైపు చూశాడు. తల్లి చేను ఒకవైపు. అనీసా ప్రాణం ఒకవైపు. అది ఆలోచించవలసిన విషయం కాదని అతని ముఖమే చెబుతోంది.

వంగి హ్యాండిల్ నేల మీద పెట్టాడు.

"మా అమ్మ నిన్ను మూడో కొడుకు అనేదిరా" అన్నాడు శోభనాద్రితో. అంతే అన్నాడు.

"తియ్యి అల్లుడూ" అన్నాడు పిచ్చేశ్వరరావు. "నువ్వే తిప్పాలి. నీ చేత్తో అయితే అందం. రేపు ఎవరైనా అడిగినా, ప్రాజెక్టు పిల్లలే ఎత్తారని చెప్పొచ్చు."

శోభనాద్రి హ్యాండిల్ అందుకున్నాడు.

బరువుగా ఉంది. దాన్ని కాల్చి వంచింది తండ్రి. పిల్లలు చదువుకుంటున్నారని రాత్రి పూట కొలిమి వెలిగించి చేశాడు. ఈ చక్రానికి సరిపోయే హ్యాండిల్ ఇంకొకటి గుడివాడ షెడ్డులోనే ఉంది. ఎవరు వెళ్ళి తెచ్చినా ఈలోపు పోటు తిరిగిపోతుంది.

చక్రానికి తొడిగాడు.

కింద సముద్రం తలుపుని కొడుతోంది. ఒక దెబ్బ... మళ్ళీ... మళ్ళీ.

పెట్టెకి తెలిసింది, తెగినప్పుడు ఏం చేయాలో. తెగకముందే ఎవరో ఆలోచించి దానికి చెప్పారు. తనకి ఎవరు చెప్పాలి? తనని ఈ మనిషి కోసిన రోజు, షెడ్డు ముందు, తను తెరుచుకుపోయాడు. తెరుచుకున్న దారిలోనే ఈ తుపాకీ ఇక్కడి దాకా వచ్చింది.

ఎవరూ చెప్పకపోతే తనే చెప్పుకోవాలి. ఆలస్యంగానైనా సరే.

"ఏం చూస్తున్నావ్? తిప్పు."

"మావయ్య గారూ."

"ఊఁ?"

"షెడ్డు మీరే తీసుకోండి."

హ్యాండిల్ ఊడబెరికాడు.

చేయి వెనక్కి లాగి విసిరాడు. వెన్నెల్లో ఒక్కసారి మెరిసింది. తూముకి అవతల, పోటు నీళ్ళలో, బుడుంగుమంది.

"ఒరేయ్!" విల్సన్ ముందుకి దూకాడు.

తుపాకీ పేలింది.

శోభనాద్రి పళ్ళ చక్రం మీదికి ఒరిగాడు. భుజం కింద ఏదో వెచ్చగా పాకుతోంది. రెండు చేతులూ చక్రం చుట్టూ వేసి వేళ్ళు బిగించాడు. ఎవరు లాగినా ఊడిరాకూడదు.

అతని చెంప కింద ఇనుము అదురుతోంది. అవతల సముద్రం కొడుతోంది.

తలుపు మూసే ఉంది.