స్టూడియో ముందు పాప కాలు

మా వీధి చివర మూతపడ్డ ఫోటో స్టూడియో ఉంది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి వెళ్తే ఏదో వచ్చి కాలు పట్టుకుంటుందని పేరు. పోస్టుమాన్‌కి అక్కడే చెప్పు పోయింది. ఒక్కటే. రెండోది ఇప్పటికీ దాచుకున్నాడు, సాక్ష్యానికట.

ఈ సంగతి నాకు చెప్పింది తాళాల మేస్త్రీ భార్య. ఆవిడకి అబద్ధం ఆడటం రాదు. ఆడబోతే నవ్వొచ్చేస్తుంది.

ఆ సాయంత్రం వీధిలో కరెంటు లేదు. మేస్త్రీ, భార్య, మేస్త్రీ వాళ్ళమ్మ చుట్టాలింటి నుంచి నడిచి వస్తున్నారు. నాలుగు నెలల పాప నాయనమ్మ భుజం మీద నిద్రపోతోంది. ఊళ్ళో ఏ తాళమైనా తెరిచే మేస్త్రీ, తల్లి ముందు నోరు మాత్రం తెరవడు.

స్టూడియో వచ్చింది.

"చప్పుడు చెయ్యకండి..." అంది నాయనమ్మ గుసగుసగా.

ఒక అడుగు... రెండు... మూడో అడుగుకి—

పాప కెవ్వుమంది.

ఆకలి ఏడుపు కాదు. పాలు పట్టబోతే తల తిప్పేసింది. ముఖం కందిపోయింది. ఊపిరి బిగబట్టి, మళ్ళీ కెవ్వు... కుడికాలు గిలగిలా కొట్టుకుంటోంది.

"కాలు... పాప కాలు పట్టుకుందిరా!"

"మేజోడు విప్పి చూద్దాం అత్తయ్యా."

"విప్పకు! గాలి సోకుతుంది. ఈ దారిన వద్దంటే విన్నావా?"

"ఈ దారిన తెచ్చింది మీరే కదా అత్తయ్యా."

మేస్త్రీ పుట్టాక మొదటిసారి తల్లిని అడగకుండా ఒక పని చేశాడు. పాపను లాక్కుని పరిగెత్తాడు. నాలుగిళ్ళ అవతలే నర్సమ్మ ఉంటుంది.

"జ్వరమా? వాంతులా? కింద పడిందా?"

"ఏం లేదు నర్సమ్మా... ఉన్నట్టుండి..."

"ఒంటి మీద బట్టలన్నీ తియ్యండి. మేజోళ్ళు కూడా."

టార్చి వెలుగులో కనిపించింది. కుడికాలి మూడో వేలు వాచిపోయి వంకాయ రంగులో ఉంది. చుట్టూ ఎవరో గట్టిగా నొక్కినట్టు గాడి...

నాయనమ్మ కుర్చీలో కూలబడింది. "పట్టుకున్న గుర్తు..."

"వేలు పోతుందా నర్సమ్మా?" అంది తల్లి.

నర్సమ్మ జవాబు చెప్పలేదు. స్టూడియో కంటే అదే ఎక్కువ భయపెట్టిందట.

భూతద్దం తెచ్చింది. సన్నకత్తెర తెచ్చింది. "కాలు కదలనివ్వకు, మేస్త్రీ."

టిక్.

పట్టకారుతో ఏదో మెల్లగా లాగింది. పాప రెండుసార్లు వెక్కి, పిడికిలి నోట్లో పెట్టుకుంది. వేలికి మెల్లగా ఎరుపు తిరిగింది.

"రక్తం ఆడుతోంది. ఇంకాసేపు ఆలస్యమైతే కష్టమయ్యేది. పొద్దున్నే డాక్టరుకి చూపించండి. వేలికి వెంట్రుక చుట్టుకుంది."

నాయనమ్మ లేచి నిలబడింది. "వెంట్రుకా! చెప్పానా? దెయ్యం వెంట్రుకే!"

నర్సమ్మ దాన్ని టార్చి ముందు పట్టుకుంది. చాలా పొడుగు. కొస నుంచి నల్లగా, నిగనిగలాడుతూ... కుదురు దగ్గర మాత్రం గోరంత తెలుపు.

"ఇందాక తల దువ్వుకుని పాపకు మేజోళ్ళు తొడిగిందెవరు?"

మేస్త్రీ ఇంటికప్పు చూశాడు. కోడలు గోడ చూసింది. అరవై రెండేళ్ళొచ్చినా ఒక్క తెల్లవెంట్రుక లేదని, అది మా వంశంలోనే ఉందని వీధంతా చెప్పుకునే మనిషి మరి ఆవిడ!

నాయనమ్మ వెంట్రుకను ఎగాదిగా చూసింది. కొంగు సర్దుకుంది.

"అయితే ఏంటంట? దెయ్యాలు మాత్రం రంగేసుకోవూ?"