మధ్యలో నిలబడ్డ పిల్ల

మేస్త్రి మొహం కడుక్కుని వంటగదిలోకి వచ్చేసరికి కూతురు కిటికీ వైపు తిరిగి ఫోన్లో మాట్లాడుతోంది. అది ఇక్కడి భాష. ఆ భాషలో ఆయనకు వచ్చినవి గుప్పెడు మాటలు: గుడ్డ, రేపు, చాలు, నాన్న, ఆసుపత్రి. ఈ పొద్దున చివరి రెండూ మళ్ళీ మళ్ళీ చెవిన పడ్డాయి. అడుగుల చప్పుడు వినగానే ఆమె గొంతు తగ్గించి, ముక్తసరిగా ముగించి, ఫోన్ జేబులో వేసుకుంది.

"ఎవరమ్మలూ?"

"ఆఫీసు వాళ్ళు నాన్నా" అంటూ పాలు పొంగకుండా మంట తగ్గించింది. పాలు ఇంకా వెచ్చబడనైనా లేదు.

మేస్త్రి అది చూశాడు, చూసి ఊరుకున్నాడు. ఊరుకోవడం ఆయనకు బాగా అలవాటైన పని. పాత సోఫాలు విప్పి, స్ప్రింగులు సరిచేసి, కొత్త గుడ్డ బిగించడం ఆయన వృత్తి. దుకాణం వెనక గదిలో ఒక్కడే ఉంటాడు. ముందు గదిలో బేరాలు చూసుకునే యజమాని, ఏ సోఫాకు ఏ గుడ్డ వేయాలో చిన్న ముక్క కత్తిరించి ఆ సోఫా చేతికి పిన్నుతో గుచ్చి లోపలికి పంపుతాడు. ఇన్నేళ్ళుగా ఆ ఇద్దరి మధ్యా మాట్లాడింది ఆ గుడ్డముక్కే. ఇంటి ఓనరు, బ్యాంకు, కరెంటు ఆఫీసు, చివరికి బడిలో టీచరు, వీళ్ళందరితో మాట్లాడింది కూతురు. ఈ దేశం వచ్చేనాటికి దానికి పదేళ్ళు. ఏడాది తిరిగేసరికి భాష నీళ్ళలా పట్టేసింది. "మా అమ్మలు ఉండగా నాకు వేరే నోరెందుకు?" అని మన వాళ్ళు కలిసినచోటల్లా మురిసిపోతూ చెప్పుకునేవాడు.

ఆ మురిపెంలోకి ఈమధ్యే చెద చేరింది. దగ్గు తగ్గడం లేదని కిందటి నెల ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరు తెర మీద ఆయన ఊపిరితిత్తుల బొమ్మ చూపించి, వేలు పెట్టి, చేయి తిప్పి, చాలాసేపు మాట్లాడాడు. అంతా విని కూతురు, "ఇంకో పరీక్ష చేయాలట నాన్నా" అంది. అంతే. డాక్టరు గంపెడు చెబితే తన చేతికి వచ్చింది గింజంత. మిగతాది ఏమైనట్టు?

ఆ తర్వాత రోజుల్లోనే కొత్త పాట మొదలుపెట్టింది. లైబ్రరీలో సాయంత్రాలు భాష నేర్పుతున్నారనీ, ఊరికేననీ, పెద్దవాళ్ళు కూడా వస్తున్నారనీ, వెళ్ళి తీరాలనీ. ఇన్నేళ్ళు లేని పట్టుదల ఇప్పుడెందుకు? భాష రాని తండ్రి పెళ్ళికావలసిన పిల్లకు బరువే. ఒకవేళ అది పనిచేసే కళ్ళద్దాల కంపెనీ వాళ్ళు దాన్ని వేరే ఊరు పంపుతున్నారేమో. లేక డాక్టరు చెప్పింది, చెప్పరానిదేమో.

ఈ రోజు ఆ పరీక్ష ఫలితం చెప్పే రోజు.

రొట్టె ముక్క తుంచుతూ కూతురు మళ్ళీ లైబ్రరీ ఊసెత్తింది. మేస్త్రికి చిర్రెత్తింది.

"నేనిక్కడికి చేతులు పట్టుకుని వచ్చానే, నాలుక పట్టుకుని కాదు. నా కుట్లు చూసి పని ఇచ్చారు. నా మాటలు విని కాదు. ఎవరి సోఫా నేను పాడుచేశాను? ఎవరికి బాకీ పడ్డాను? ఇంకా వాళ్ళ భాష కూడా నేర్చుకుని తీరాలా?"

ఆయన అక్కగారు టీ ఊదుకుంటూ అందుకుంది. తమ్ముడి భార్య పోయాక ఇల్లు చూసుకోవడానికి వచ్చిన మనిషి. కూరల బజారులో దెబ్బలాడి దెబ్బలాడి ఇక్కడి భాష తనంతట తనే నేర్చేసుకుంది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీకు నోరే లేదు, ఊరెక్కడిదిరా? నేను చూడు, తప్పులు మాట్లాడతాను, వాళ్ళు నవ్వుతారు, నవ్వుతూ నవ్వుతూ రెండు టమాటాలు ఎక్కువ వేస్తారు."

ఆ వెంటనే తమ్ముడి పక్షమూ పట్టింది. పొద్దున్న చీకటితో వెళ్ళి దుమ్ములో దగ్గుకుంటూ వచ్చేవాడికి పలక పట్టుకునే ఓపిక ఎక్కడిదని మేనకోడల్ని నిలదీసింది. వాడు నేర్చుకోనన్నాడు సరే, నేర్చుకోవడానికి ఒక పూట సెలవు ఎవడైనా ఇచ్చాడా అంది. కూతురు లేచింది. గిన్నె కడుగుతూ, "మధ్యాహ్నం నేరుగా ఆసుపత్రికి వచ్చెయ్ నాన్నా" అని మాత్రం అంది.

ఆమె వెళ్ళగానే మేస్త్రి తన అనుమానమంతా అక్క ముందు విప్పాడు. అక్కగారు కళ్ళు చికిలించి విని, తనూ వస్తానంది. "డాక్టరు మాట్లాడేటప్పుడు నేను నిద్రపోతున్నట్టు కూచుంటాను. నాకొచ్చిన ముక్కలు నాకు చాలు. పిల్ల ఏది దాచినా పట్టేస్తాను." కన్నకూతురి మీద కాపలా పెడుతున్నానని మేస్త్రికి ఒకింత సిగ్గేసింది. అయినా వద్దనలేదు.

మధ్యాహ్నం సెలవు అడగడానికి ఆయన రొమ్ము మీద చేయి పెట్టి దగ్గి చూపించాడు. యజమాని వెంటనే తలుపు వైపు చేయి చూపించి, తన గొడుగు కూడా చేతిలో పెట్టాడు. బయట వాన లేదు. మబ్బు మాత్రం ఉంది. ఆ గొడుగు పట్టుకుని నడుస్తుంటే మేస్త్రికి అందులోనూ అనుమానమే. వీడికి కూడా ముందే తెలుసా? అందుకేనా ఇంత జాలి?

డాక్టరు గదిలో కుర్చీలు నాలుగున్నాయి. ఒకదాంట్లో అప్పటికే ఒకావిడ కూర్చుని ఉంది. నడివయసు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. "నమస్కారం అన్నయ్యగారూ" అంది శుభ్రమైన తెలుగులో. డాక్టరు మాటలు ఆయనకూ, ఆయన మాటలు డాక్టరుకూ చెప్పడానికి ఆసుపత్రి వాళ్ళు పిలిపించారని చెప్పింది.

మేస్త్రి కూతురి వైపు తిరిగాడు. ఆమె కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"పొద్దున ఫోన్ చేసింది ఇందుకేనా?"

"అవును నాన్నా. ఆవిడ చెప్తారు. నేను బయటుంటాను."

చెప్పలేనంత చెడ్డ వార్త అయినా అయ్యుండాలి, తన నోరుగా ఉండి ఉండి పిల్ల విసిగిపోయినా ఉండాలి. రెండిట్లో ఏది నిజమైనా ఆ కుర్చీలో కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. లేచి వరండాలోకి వచ్చేశాడు. వెనకే కూతురు, దాని వెనకే అక్కగారు. బెంచీ మీద కూర్చున్న ముసలాయనెవరో వీళ్ళ మొహాలు చూసి, తన సంచీ తీసుకుని మారుమాట లేకుండా అవతలి బెంచీకి మారాడు.

"ఊరూపేరూ తెలియని మనిషి చేత నా రోగం నాకు చెప్పిస్తావా?" మేస్త్రి అన్నాడు. "ఏం దాస్తున్నావు నువ్వు? కిందటిసారి ఆయన అంత మాట్లాడాడు. నాకు ఒక్క ముక్క చెప్పావు. నేను ఎన్నాళ్ళు బతుకుతానన్నాడు?"

"అలా ఏం అనలేదు. ఏ జబ్బులు అయ్యుండొచ్చో చెప్పాడు. ఏదీ తేలలేదన్నాడు. అవన్నీ నా నోటితో నీకు చెప్పలేకపోయాను."

"ఎందుకు చెప్పలేవు? ఇన్నేళ్ళూ అన్నీ చెప్పలేదూ?"

"చెప్పలేదు నాన్నా."

కూతురు బెంచీ చివర కూర్చుంది. తండ్రి వైపు చూడకుండా, ఎదుటి గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాకు పదమూడేళ్ళు. డాక్టరొచ్చి నన్ను పిలిచాడు. ఇక మందులు పనిచేయవు, మీ అమ్మ ఇక్కడే ఉంటుందా, ఇంటికి వెళ్ళి మీ అందరి మధ్యా ఉంటుందా, ఆవిడనే అడిగి చెప్పమన్నాడు. అమ్మ నా మొహంలోకే చూస్తోంది. ఏమంటున్నాడే అంది. నీకేమైనా తాగాలని ఉందా అని అడుగుతున్నాడమ్మా అన్నాను. కాసిని నీళ్ళు చాలంది." ఆమె బెంచీ అంచును గోరుతో గీకింది. "నేను డాక్టరు వైపు తిరిగి, ఇక్కడే ఉంటానంటోంది అని చెప్పాను."

మేస్త్రికి ఆ గది కళ్ళ ముందు నిలిచింది. మంచం కాళ్ళ వైపు దుప్పటి పట్టుకుని తనూ అక్కడే ఉన్నాడు. చివరి వారమంతా ఆ ఇల్లాలు "ఇంటికెప్పుడు వెళ్దామండీ?" అని అడుగుతూనే ఉంది. తగ్గగానే వెళ్దామని ఆయన చెబుతూనే ఉన్నాడు. పక్కన స్టూలు మీద కూర్చుని ఈ పిల్ల అదంతా వింటూనే ఉంది.

"నేనక్కడే ఉన్నాను కదే" అన్నాడు. "ఆయన మాట్లాడుతుంటే తల ఊపాను కూడా."

పెద్దమనిషి మాట్లాడుతుంటే తల ఊపడం మర్యాద అని ఊపాడు. అర్థమై కాదు. ఈ దేశంలో అడుగుపెట్టిన నాటి నుంచీ ఎవరేం మాట్లాడినా అలాగే ఊపుతున్నాడు.

"ఊపావు. నాన్నకు అర్థమైందేమో, నాన్న చెప్పేస్తాడేమో అని నీ వైపు చూశాను. నువ్వు నా వైపు చూసి నవ్వావు. డాక్టరేమో నాన్న కూడా సరేనన్నాడనుకున్నాడు." ఆమె అరచేతులు ఒళ్ళో పెట్టుకుంది. "భాష నేర్చుకోలేదని నిన్ను తప్పుపట్టట్లేదు నాన్నా. అత్త అన్నట్టు నీకు తీరిక ఎవరిచ్చారు? కానీ నువ్వు మొయ్యని ఆ మాటలు నేను మోశాను. ఈసారి నీ సంగతి కూడా ఆ కుర్చీలో కూర్చుని నేనే మొయ్యలేను."

కాపలాకు వచ్చిన అక్కగారు మేనకోడలి పక్కన కూలబడి, దాని వీపు మీద చేయి వేసింది.

దాచిందేదో పట్టుకోవాలని వచ్చాడు మేస్త్రి. అది ఇదని తెలిశాక చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పసిదాని నోట్లో అంత మాట పెట్టి, తను మాత్రం పక్కన నవ్వుతూ నిలబడ్డాడు. కూతురి ముందు వంగి అడిగాడు.

"అర్థం కాలేదు అని వీళ్ళ భాషలో ఎలా అంటారే?"

ఆమె చెప్పింది. ఆయన అన్నాడు. నాలుక మడత పడింది. అక్కగారు సరిదిద్దబోయి మరో తప్పు నేర్పింది. కూతురు మళ్ళీ చెప్పింది. నాలుగైదుసార్లకు మాట కుదురుకుంది.

"పద. నువ్వూ రా. నా పక్కన కూర్చో. నోరు విప్పక్కర్లేదు."

డాక్టరు విసుక్కోకుండా మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. మేస్త్రి తల ఊపబోయి ఆపుకున్నాడు. ఇప్పుడే నేర్చుకున్న మాట పైకి అన్నాడు. డాక్టరు ఆగి, నెమ్మదిగా మళ్ళీ చెప్పాడు. కళ్ళద్దాలావిడ ప్రతి ముక్కా తెలుగులో పెట్టింది. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందట. ప్రాణానికి ముప్పు లేదట. మందులు చాలాకాలం వాడాలట, పాత సోఫాలు విప్పే పని మాత్రం ఇక మానుకోవాలట. చెడ్డదీ మంచిదీ ఏదీ వదలకుండా చెప్పింది.

పక్క కుర్చీలోంచి సన్నగా వెక్కు వినబడింది. కూతురు ఏడుస్తోంది. వార్త మంచిదని విన్నాకే ఏడుపు ఎక్కువైంది. మొహం దాచుకోవడం కూడా మానేసి, బడిపిల్లలా వెక్కివెక్కి ఏడుస్తోంది. డాక్టరు కంగారుగా ఏదో అడిగాడు.

"అమ్మాయికి ఏమైందని అడుగుతున్నారు అన్నయ్యగారూ" అంది ఆవిడ.

మేస్త్రి కూతురి చేయి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఆసుపత్రిలో మాట్లాడటంతోనే సరిపోయింది దానికి. ఏడ్చే తీరిక ఇవాళే దొరికింది. కాసేపు ఏడవనివ్వమని చెప్పండమ్మా."

ఆవిడ ఒక్క మాట తగ్గించకుండా డాక్టరుకు చెప్పింది.