క్రిస్టినా విప్పిన బండి

"నీ చేతులతోనే నాన్నను పడేశావు కదే!"

ఆసుపత్రి వరండాలో అందరూ వింటుండగా శౌరమ్మ కూతురి మీద విరుచుకుపడింది. లోపల మంచం మీద ఆమె భర్త బాలశౌరి భుజం ఎముక విరిగి, చేతికి కట్టుతో పడుకుని ఉన్నాడు. గుంట వస్తే చాలు, ఆయన పాత మోటార్‌సైకిల్ ముందు చక్రం దడదడలాడుతోందని, క్రిస్టినా మొన్న ఆదివారమే ఆ చక్రానికి అటూ ఇటూ ఉండే ఫోర్కు గొట్టాలు విప్పి, మడ్డిలా నల్లబడిన ఆయిల్ పారబోసి కొత్తది పోసింది. వారం తిరగకుండానే కాలవ గట్టు దిగుతూ ఆయన పడిపోయాడు! ఆడపిల్లకు ఈ రిపేర్లెందుకని తాను మొత్తుకుంటూనే ఉంది... ఎవరు విన్నారు?

క్రిస్టినా తల వంచుకుంది. బాలశౌరి కళ్లు మూసుకున్నాడు.

ఇంటికొచ్చాక కూడా శౌరమ్మ మనసు చల్లారలేదు. క్రిస్టినా గన్నవరంలో ఉద్యోగానికి బస్సులో వెళ్తోంది, వస్తోంది. తల్లి పెట్టింది తింటోంది. నవ్వు మాత్రం లేదు. ఒక మధ్యాహ్నం శౌరమ్మ ప్రార్థన నుంచి తిరిగొచ్చేసరికి, పెరట్లో మళ్లీ ఫోర్కులు విప్పి ఉన్నాయి! అరవబోయి ఆగిపోయింది. రెండు సీసాల్లోకి వంచిన ఆయిల్‌ను వెలుగులో పట్టి చూస్తున్న కూతురి చెంపల మీద కన్నీళ్లు కారిపోతున్నాయి...

"ఏం వెతుకుతున్నావే?"

"నా తప్పు ఎక్కడుందా అని అమ్మా... రెండిట్లోనూ ఆయిల్ సరిగ్గానే ఉంది. ఆయిల్‌ను ఆపే సీళ్లు కారలేదు. ఒక్క బోల్టూ వదులవలేదు. పడిన బండిని ఇంటికి తెచ్చిన రోజు కూడా చూశాను."

"మరి ఆ రోజే నా మొహాన చెప్పకపోయావా!"

"చెబితే నువ్వు నాన్నను నిలదీస్తావు. అసలే నొప్పితో ఉన్నాడు..."

గుమ్మంలోంచి బాలశౌరి గొంతు వినిపించింది. "పిల్లదేం లేదు శౌరమ్మా! నాకు ఎడమ కన్ను మసకేసి చాన్నాళ్లయింది. గట్టు మీది గొయ్యి నా కంటికి ఆనలేదు. తెలిస్తే బండి మానిపిస్తారని దాచాను. నువ్వు దాన్ని అన్నేసి మాటలంటుంటే కళ్లు మూసుకుని ఊరుకున్నాను... తండ్రినేనా నేను!"

శౌరమ్మ భర్తను నిలదీయలేదు. నేల మీద చతికిలబడి, ఆయిల్ జిడ్డుతో ఉన్న కూతురి చేతులను తన కళ్లకద్దుకుంది. "ఈ చేతుల్నే కదమ్మా అన్నాను..." అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

బాలశౌరి కంటి ఆపరేషన్ అయింది. బండి తాళం ఆయనే కూతురి చేతికిచ్చాడు. "ఆయిల్ ఒక్కటే చాలదు నాన్నా, లోపలి స్ప్రింగులు అరిగి కుంగిపోయాయి," అని క్రిస్టినా ఇద్దరి బరువుకు ఆగే గట్టి రకం తెచ్చింది. బిగిస్తున్నంతసేపూ హ్యాండిల్ కదలకుండా పట్టుకున్నది శౌరమ్మే!

ఆ సాయంత్రం కూతురి వెనక కూర్చుని పటమట బజారుకు వెళ్లింది. ఎన్నడూ లేనిది, బండి మీద నడుం పట్టెయ్యలేదు. కూరల దగ్గర పక్కింటి వెంకటరావమ్మ కనిపించింది.

"బండి మెత్తగా వస్తోందే వదినా! మావాడిది ఒకటే కుదుపు. ఎక్కడ చేయించారేంటి?"

"ఎక్కడో ఎందుకండీ? మా క్రిస్టినాయే చేసింది!" అంది శౌరమ్మ. అంతలోనే తడబడి, కూతురి వైపు భయంగా, బతిమాలుతున్నట్టు చూసింది. "వాళ్లది కూడా చూస్తావా తల్లీ?"

క్రిస్టినా తల్లి మొహం చూసి, ఇన్నాళ్లకు, నోరారా నవ్వింది.

"తీసుకు రమ్మను అత్తా!"